ఒక్కరికి సరిపడే గుడ్డ

నీళ్ళు వదలమని చెప్పింది తనే కాబట్టి, తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని ముక్కుకు మూరెడు ఎత్తులో చినుకుల మోత వింటున్నందుకు లోరెట్టా ఇప్పుడు ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. ఓడెల్ కొట్టు వెనక పెరడు ఇది. ఆయన దగ్గర టార్పు, అంటే కొండల్లో రాత్రిపూట నెత్తిన కట్టుకునే కప్పు గుడ్డ, కొనాలంటే ముందు దాన్ని ఇక్కడ కట్టి, దాని కింద పడుకుని, మొక్కలకు నీళ్ళు పెట్టే పైపుతో మీద వాన కురిపించుకుని చూసుకోవాలి, అది ముసలాయన పెట్టిన నియమం. పెళ్ళికి ముందు కూడా ఇలా ఓ గంట నీళ్ళు పోసి చూసే ఏర్పాటు ఉంటే ఈ ఊళ్ళో సగం కాపురాలు మొదలయ్యేవే కావంటాడాయన. మూడు టార్పులు వరసగా కట్టి ఉన్నాయి. ఆకుపచ్చది పెద్దది, ఇద్దరు పడుకోవచ్చు. బూడిద రంగుది తల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం, ఒక్కరికే. తెల్లది ఎవరో నడక మధ్యలో విసుగు పుట్టి అమ్మిపెట్టమని వదిలేసి పోయింది, మూడింట్లోకీ తేలిక, చేతిలో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. ఎల్లుండి లోరెట్టా కాకుల కనుమ ఎక్కబోతోంది, ఒంటరిగా, ఏడేళ్ళ తర్వాత మొదటిసారి. అందుకు నెత్తి మీదికి ఒక గుడ్డ కావాలి, అది ఎంచుకోవడానికే వచ్చింది. గడ్డి పాడవుతుందని ఓడెల్ పెరట్లోకి బూట్లు రానివ్వడు కాబట్టి మెట్ల మీద కూర్చుని బూట్లు, మేజోళ్ళు విప్పుతుంటే, ఆయన వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు, నాలుగింటికి వేడ్, ఒకప్పుడు ఆమెతో కలిసి నడిచినవాడు, వస్తున్నాడని, వెంట కొత్త పిల్ల ఉందని, వాళ్ళకీ టార్పే కావాలని. ఉంటావో పోతావో నీ ఇష్టం, నా పెరట్లో మాత్రం రక్తాలు కారకూడదమ్మా అన్నాడు. ఆమె పోలేదు. పైపు తిప్పమంది.

ముందు ఆకుపచ్చది. కాసేపు తడిస్తే చాలు ఈ నైలాను గుడ్డ సాగుతుంది, దాని బుద్ధే అంత, సాయంత్రం బిగించి కట్టింది నిద్రలో పొట్ట మీదికి వేలాడుతుంది, ఎవరో ఒకరు లేచి చలిలోకి వెళ్ళి తాళ్ళు బిగించాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ తనే. నువ్వు గుమ్మం వైపు పడుకున్నావు కదా అనేవాడు వేడ్, అటు తిరిగి దుప్పటి లాక్కుంటూ. టార్పుకి గుమ్మం ఎక్కడిది, నాలుగు వైపులా గుమ్మమే. కానీ అప్పుడు నవ్వింది. అప్పట్లో అతనేమన్నా నవ్వొచ్చేది, అదీ కడుపు మండే సంగతి, తను నవ్విన నవ్వులన్నీ వెనక్కి తీసుకునే దారి లేదు. ఈ కొండల్లో నడిచే జనానికి బరువంటే పిచ్చి, పళ్ళు తోముకునే బ్రష్షుని సగానికి కోసుకుంటారు, పటంలో తాము నడవని ముక్కని కత్తిరించి పారేస్తారు, వేడ్ అయితే తన లోపలి బట్టల మీది గుర్తింపు గుడ్డముక్కల్ని కూడా కత్తెరతో కోశాడు, ఇదే కొట్లో, గల్లాపెట్టె పక్కన, నలుగురూ చూస్తుండగా, అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ మధ్యాహ్నమే త్రాసు మీద ఇద్దరి సామానూ పంచాడు. టార్పుని రెండు వాటాలు చేశాడు. గుడ్డ నేను మోస్తాను, మేకులూ స్టవ్వూ నువ్వు మొయ్యి, కర్రలు ఎలాగూ నీ చేతుల్లోనే ఉంటాయి అన్నాడు. అతను కర్రలు పట్టుకోడు, మనిషికి చేతులు ఖాళీగా ఉండాలంటాడు, తనకు మోకాలు నొప్పి కాబట్టి రెండు చేతుల్లోనూ రెండు నడక కర్రలు, పగలు అవి తన కాళ్ళకు సాయం, సాయంత్రం అవే టార్పుకి నిట్రాళ్ళు. త్రాసు ముల్లు అటూ ఇటూ సమానంగా నిలబడింది. ఎంత ముద్దుగా ఉందో అనుకుంది తను, సగం నీ దగ్గర, సగం నా దగ్గర. బరువు తెలిసిన జనం, పొట్టు బరువు కూడా తూచే జనం, సగం గూడు గూడు కాదన్న సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు, తనకీ తట్టలేదు. పైన గుడ్డ మెల్లగా సాగుతూ ఆమె పొట్ట వైపు దిగుతోంది, ఒక్క చుక్క కుట్టులోంచి జారి మెడ మీద పడింది. చాలు, ఇది వద్దు. ఇంత వెడల్పు ఎవరికోసం.

తెల్లదాని కిందికి పాక్కుంటూ వెళ్ళింది. ఇక్కడ చప్పుడు వేరు, చినుకు పడ్డ చోటల్లా వెన్న కాగితం నలిపినట్టు పెళపెళ, గుడ్డలోంచి ఆకాశం మసగ్గా కనిపిస్తుంది. ఇది సాగదు, తడవదు, బరువు లేదు, బరువు పిచ్చివాళ్ళ కలల్లోకి వచ్చేది ఇదే. వేడ్ దీన్నే తీసుకుంటాడు. పడుకుని చూడడు, నీళ్ళు పొయ్యనివ్వడు, అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేసి, కనుబొమలు ఎత్తి, అంతే. తననీ అలాగే ఎంచుకున్నాడు బహుశా, ఒకసారి ఎత్తి చూసి. ఎంచుకున్న తర్వాత బరువనిపించింది. లంగరు అని పేరు పెట్టాడు. ఈ దారుల మీద ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోకూడదు, తోటివాళ్ళు పెట్టాలి, పెట్టింది పట్టుకుంటే వదలదు, తర్వాత కలిసినవాళ్ళంతా ఓహో లంగరు నువ్వేనా అనేవాళ్ళు, ఇంత గుప్పెడంత మనిషిని పట్టుకుని. ఆమె ఎడమవైపు ఒత్తిగిల్లింది. అప్పుడు కనిపించింది. వెనక ఎడమ మూల. తాడు కట్టే పట్టీ గుడ్డకి కుట్టలేదు, అంటించారు, ఈ రకం గుడ్డని సూదితో పొడిస్తే బలం పోతుందని జిగురుతో అతికిస్తారు, ఆ అతుకు లోపలి అంచున గోరంత మేర లేచి ఉంది. నించుని చూస్తే కనపడదు. కట్టేటప్పుడు కనపడదు. కింద పడుకుని, ఎడమకి తిరిగి, వెలుతురు వెనకనుంచి వస్తుంటేనే కనిపిస్తుంది, అంటే వేడ్‌కి ఈ జన్మలో కనపడదు. ఈ పెరటి గాలికి అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చెట్లు లేని చోట, కనుమ మీద, రాతి మీంచి దూకే గాలికి ఒక్క పూట నిలవదు. మూల ఊడితే కప్పంతా జెండాలా ఎగురుతుంది, ఆ చప్పుడు ఎలా ఉంటుందో, దాన్ని రెండు చేతులతో పట్టుకుని గడ్డకట్టిన వేళ్ళతో ముడి వెయ్యబోతూ వేడ్ ముఖం ఎలా ఉంటుందో, ఆ ముఖాన్ని లోరెట్టా ఏడేళ్ళుగా రకరకాలుగా ఊహించుకుంటూ వచ్చింది, ఇంతవరకూ ఆ ముఖానికి ఒక కారణం దొరకలేదు, ఇప్పుడు దొరికింది. తను చెయ్యాల్సింది ఏమీ లేదు. నోరు మెదపకపోతే చాలు. గుండె ఎంత హాయిగా కొట్టుకుంటోందో గమనించి ఆమెకే కాస్త సిగ్గేసింది, కాస్తే.

ఆ రోజు మాత్రం తను నోరు మెదిపింది. కనుమ కింద చెరువు దగ్గర, పడమట ఆకాశం ఇనప రంగుకి తిరిగినప్పుడు, ఇక్కడే కట్టుకుందాం వేడ్, ఓ గంట ఆగుదాం అంది. అతను ఆకాశం వైపు చూడలేదు, ఆమె మోకాలి వైపు చూశాడు. అవతలికి దిగితే చెట్లున్నాయి, నువ్వు మెల్లగా రా అన్నాడు. వెళ్ళాడు. ఆ వీపు సంచి చిన్నదవుతూ చిన్నదవుతూ రాళ్ళలో కలిసిపోవడం, దాని అడుగున చుట్టి పెట్టిన గుడ్డ, ఆమె తల దాచుకోవాల్సిన గుడ్డ, తడవకుండా భద్రంగా. మొదట వడగళ్ళు, తర్వాత మంచు, ఆగస్టు చివర్లో మంచేమిటని ఎవరైనా అడుగుతారు, ఈ కొండలకి నెలలతో పనిలేదు. దారి చూపించే రాళ్ళ కుప్పలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. రెండు బండల మధ్య కూలబడి, ఉన్న సామాను అంతా ముందు పెట్టుకుంది, రెండు కర్రలు, మేకుల సంచి, స్టవ్వు, గిన్నె. ఎంత వెతికినా అంతే. కర్రల్ని పాతి వాటి మీద వాన కోటు కప్పబోతే గాలి కోటుని లాక్కుపోయింది, ఈకల దుప్పటి తడిసి ముద్దయి బరువెక్కింది, స్టవ్వు వెలిగించి మంట మీద చేతులు పెట్టింది, చేతులు కాలుతున్నాయో లేదో తెలియలేదు, గ్యాసు అయిపోయాక ఆ నీలం మంట ఉన్న చోటుని చూస్తూ కూర్చుంది. ఎడమకాలి చివరి రెండు వేళ్ళూ మొదట మండాయి, తర్వాత ఊరుకున్నాయి, ఊరుకోవడం మంచిదే అనుకుంది పిచ్చిది. మర్నాడు కంచర గాడిదల మీద సామాను తోలుకెళ్ళే వాళ్ళు చూసి, మూటని ఎక్కించినట్టు ఎక్కించి దింపారు. ఆ రాత్రంతా అవతల, అడవిలో, రెండు చెట్ల మధ్య గుడ్డ లాగి కట్టుకుని, కర్రలతో పనిలేకుండా, వేడ్ వెచ్చగా పడుకున్నాడు. చల్లటి ఓట్సు తినాల్సొచ్చిందని బాధపడ్డాడు కూడా, స్టవ్వు తన దగ్గర లేదుగా.

పైపు నీళ్ళు ఒక్క క్షణం సన్నబడి మళ్ళీ అందుకున్నాయి, లోపల ఓడెల్ చేతులు కడుక్కుంటున్నట్టున్నాడు. ఆసుపత్రికి పూలు తెచ్చాడు వేడ్, పసుపు రంగువి. మంచం చివర నించుని, కట్టు వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ, అతను అన్న మాట ఒక్కటే. క్షమించు అనలేదు. అనుంటే ఏమయ్యేదో, క్షమించేసి ఉండేదేమో, ఆ రోజుల్లో తనకు సిగ్గూ ఎగ్గూ ఏముంది. నువ్వు ఎక్కడో ఒకచోట ఆగిపోయుంటావనుకున్నాను అన్నాడు. అని, కాస్త ఆగి, చాలా మామూలుగా, కర్రలు నీ దగ్గరే ఉన్నాయి కదా, లోరెట్టా, అన్నాడు. ఆ వాక్యం ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది, గిన్నెలు కడుగుతుంటే వినిపిస్తుంది, రోడ్డు దాటుతుంటే వినిపిస్తుంది, వేళ్ళు లేని చోట బూటులో దూది కూరుకుంటున్నప్పుడు రోజూ వినిపిస్తుంది. తర్వాత ఆ కథ కొండలన్నీ తిరిగింది, ఈ దారుల మీద కథలు మనుషులకన్నా జోరుగా నడుస్తాయి, అందులో ఒక మొండి మనిషి దారి తప్పింది, వేడ్ మంచులో పరుగెత్తి సాయం పిలుచుకొచ్చాడు. ఒకసారి బస్సు కోసం ఎదురుచూస్తుంటే ఎవరో కుర్రాళ్ళు ఆమెకే చెప్పారు ఆ కథ, ఆమెదే అని తెలియక. చివరిదాకా విని, పాపం ఆవిడ బతికిందా అని అడిగింది. ఏమో అన్నారు.

బూడిద రంగుది. ఇందులోకి పాకడం కూడా కష్టమే, ఒక్క భుజం ముందు, తర్వాత రెండోది. కానీ లోపల పడుకున్నాక కొలిచి కుట్టినట్టుంది, తల పైన గాలి ఆడేంత చోటు, కాళ్ళ వైపు వాలు, నడి కుట్టు విల్లులా వంపు తిరిగి గుడ్డనంతా దానంతటదే బిగించి పట్టుకుంది, నీళ్ళు జారిపోతున్నాయి గాని నిలవడం లేదు. తెల్లదానికన్నా బరువే, వేడ్ అయితే ముట్టుకోడు. మేకుల సంచిని గుడ్డ అంచుకే కలిపి కుట్టేశారు, విడదీసి ఎవరికీ ఇవ్వడానికి లేదు. కుట్టినది ఎవరో గాని వాళ్ళకీ ఏదో జరిగి ఉంటుందని లోరెట్టాకి అనిపించింది. చెయ్యి చాపి చూసింది, ఇటు గుడ్డ తగిలింది, అటూ గుడ్డే తగిలింది, ఇంకో మనిషి మోచెయ్యి పట్టే చోటు లేదు. ఇదే. కర్రలు తనవి, గుడ్డ తనది, మేకులు గుడ్డవి. ఎల్లుండి ఆ బండల దగ్గరికే వెళ్ళి, సరిగ్గా అక్కడే దీన్ని కట్టుకుని, టీ కాచుకుని తాగాలి. ఈలోపు తెల్లది అమ్ముడుపోవాలి. వేడ్ ఏ దారిన వెళ్తాడో కూడా ఓడెల్ చెప్పాడు, అంతా శిఖరాల అంచు వెంట, రాయీ గాలీ తప్ప పుల్ల దొరకని చోటు, ఈసారి కట్టుకోవడానికి రెండు చెట్లుండవు. ఆమె కళ్ళు మూసుకుని ఆ చప్పుడు మళ్ళీ విన్నది, మూల ఊడిన గుడ్డ చేసే చప్పుడు. చాలా సేపు విన్నది. పెరటి గేటు తెరుచుకున్నప్పుడు ఇంకా వింటూనే ఉంది.

ముందు అతని పాదాలు కనిపించాయి, బూట్లతోనే గడ్డి తొక్కుతూ. వెనక ఇంకో జత, సన్నటివి, వట్టివి, మడమకి పొక్కుల పట్టీ అంటించుకున్నవి, వాటికి అటూ ఇటూ రెండు కర్రల మొనలు. వేడ్ వంగి బూడిద గుడ్డ కిందికి చూశాడు. గడ్డం నెరిసింది. చిరునవ్వు మాత్రం అదే.

“ఏంటి లంగరూ, ఇంకా ఇక్కడే దిగబడి ఉన్నావా?”

ఆమె తాపీగా బయటికి పాకి, తుడుచుకుంటూ లేచి నిలబడింది. అతను చెయ్యి ఊపి వెనకనున్న అమ్మాయిని చూపించాడు, దీని పేరు తోక, ఎప్పుడు చూసినా నాకు అరమైలు వెనకే ఉంటుంది అన్నాడు. అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు లోరెట్టాకి తెలుసు, అద్దంలో చాలాసార్లు చూసింది. పాతికేళ్ళుంటాయేమో, కర్రల పిడులకు రంగు తాడు చుట్టుకుంది శ్రద్ధగా. ఈ అమ్మాయి సంగతి లోరెట్టా ఇంతసేపూ ఆలోచించనే లేదు. ఆ తెల్ల గుడ్డ కింద ఊహలో ఎప్పుడూ వేడ్ ఒక్కడే పడుకున్నాడు.

అతను అప్పటికే తెల్లదాని దగ్గరున్నాడు. మేకులు ఊడబీకి, గుడ్డని దులిపి, గుప్పెట్లో ఉండలా చుట్టి, అరచేతిలో ఎగరేసి, కనుబొమలు ఎత్తాడు. పడుకుని చూడవా అని అమ్మాయి మెల్లగా అడిగింది. దేనికి, చూస్తేనే తెలియడంలా అన్నాడు.

“గుడ్డ నేను మోస్తా. మేకులూ స్టవ్వూ నువ్వు మొయ్యి. కర్రలు ఎలాగూ నీ చేతుల్లోనే ఉంటాయి.”

లేని వేళ్ళు రెండూ ఒక్కసారి మండాయి. నోరు మెదపకపోతే చాలు, అంతే కదా అనుకుంది, ఇంకొక్క నిమిషం. ఓడెల్ గల్లాపెట్టె మోగుతుంది, వాళ్ళు వెళ్ళిపోతారు, కొండ తన పని తను చూసుకుంటుంది. ఏడేళ్ళ కసి నాలుక మీద తీపిగా ఉంది, మింగితే చాలు. అమ్మాయి సరేనని తల ఊపుతూ మేకుల సంచి కోసం చెయ్యి చాపింది. ఇదే కొట్లో, త్రాసు దగ్గర తను కూడా ఇలాగే తల ఊపింది. దీన్ని కూడా ఆ బండల మధ్య కూర్చోబెడితే ఇక నాకూ వాడికీ తేడా ఏముంది అనుకుని లోరెట్టా పళ్ళు నూరుకుంది, నాశనం అయిపోను, ఇంత మంచి అవకాశం.

“అమ్మాయ్, ఆ గుడ్డ వెనక ఎడమ మూల చూడు. పట్టీ అతుకు లేస్తోంది. గాలి గట్టిగా కొడితే ఊడిపోతుంది.”

వేడ్ పగలబడి నవ్వాడు. ఇన్నేళ్ళయినా దీని అక్కసు చావలేదు, చూశావా తోకా అన్నాడు. గుడ్డ విప్పి, ఆ మూలని రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజాడు. ఊడలేదు. మళ్ళీ గుంజాడు. ఊడలేదు. ఎండలో, ఈ పెరట్లో అది ఎందుకు ఊడుతుంది. చాలా, ఇంకా లాగమంటావా అని లోరెట్టా వైపు చూశాడు. చెప్పాల్సింది ఆమె ఒకసారి చెప్పింది, చెరువు దగ్గర కూడా ఒక్కసారే చెప్పింది. నమ్మనివాడిని బలవంతంగా నమ్మించేంత మంచితనం తనలో లేదు, ఉందని ఎవరికీ మాట ఇవ్వలేదు కూడా. నిజం చెప్పడం ఇంత కమ్మగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

అమ్మాయి మాత్రం గుడ్డ అంచు తన వైపు తిప్పుకుని, వెలుతురుకి అడ్డం పెట్టి, బొటనవేలితో మూలంతా తడిమింది. ఆ వేలు ఒకచోట ఆగింది. తల ఎత్తుతుంటే గడ్డి మీద లోరెట్టా ఎడమ పాదం కనపడింది. అక్కడే చాలాసేపు చూసింది.

“కనుమ మీద దారి తప్పిందని ఈయన చెప్పే ఆవిడ... మీరేనా?”

“దారి తప్పలేదమ్మా. కర్రలు నా దగ్గర ఉన్నాయి. గుడ్డ ఈయన దగ్గర ఉంది.”

వేడ్ ఏదో అనబోయాడు, పాత కథే, మంచు, పరుగు. అమ్మాయి అతని వైపు తిరగలేదు. తన చేతుల్లోని కర్రల్ని చూసుకుంది, ఇవి ఎవరివో ఇప్పుడే తెలిసినట్టు. అసలు నీ పేరేమిటని లోరెట్టా అడిగింది. మార్నీ అంది అమ్మాయి. ఆ బూడిద రంగుది ఎంతమందికండీ అని అడిగింది.

ఒక్కరికి, అంది లోరెట్టా, మేకులతో సహా. ఓడెల్ దగ్గర అలాంటిది ఇదొక్కటే ఉంది, ఇంకోటి రావాలంటే వారాలు పడుతుంది, అప్పటికి కనుమ మంచుతో మూసుకుపోతుంది, బండల దగ్గర టీ వచ్చే ఏడాదికే. అదంతా ఒక్క క్షణంలో తోచింది, మనసు చివుక్కుమంది, అయినా తనే వంగి తాళ్ళు వదులు చేసి, నీళ్ళు దులిపి, చుట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. మార్నీ దాన్ని చంకలో ఇరికించుకుని, రెండు కర్రలూ పట్టుకుని, మెట్లెక్కి కొట్లోకి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. లోపల కర్రల మొనలు చెక్క నేల మీద టకటకమంటూ గల్లాపెట్టె దాకా వెళ్ళడం వినిపించింది.

వేడ్ గడ్డి మధ్యలో నించుని ఉన్నాడు, ఒక చేతిలో తెల్ల గుడ్డ, రెండో చెయ్యి ఖాళీగా. ఒసేయ్ తోకా అని పిలిచాడు. లోపల గల్లాపెట్టె మోగింది. గుడ్డ వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, ఆఖరికి లోరెట్టా వైపు చూశాడు, ఏడేళ్ళలో మొదటిసారి నవ్వు లేకుండా.

“కర్రలు పట్టుకుపోయిందేంటి? ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

లోరెట్టా వెళ్ళి నీళ్ళు కట్టేసింది. పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మెట్ల మీద కూర్చుని, మేజోడు దులిపి, ఎడమకాలికి మెల్లగా తొడుక్కుంది.

“గుడ్డ నీ దగ్గరే ఉంది కదా, వేడ్.”